బల్బు ముందు బంతి తిప్పితే పున్నమినాడే చీకటి పడింది, ఎందుకు?

డాబా నాన్న:
మా అమ్మాయి ఆరో తరగతి. రేపు క్లాసులో చంద్రకళల గురించి చెప్పాలట. నిన్న రాత్రి లైట్లన్నీ ఆర్పి, స్టూలు మీద ఒక్క బల్బు పెట్టి, టెన్నిస్ బంతి పట్టుకుని గుండ్రంగా తిరిగాను. బల్బు సూర్యుడు, నా తల భూమి, బంతి చంద్రుడు. బల్బు వైపు తిరిగితే బంతి నల్లగా ఉంది, అమావాస్య. పక్కకి తిరిగితే సగం వెలిగింది, అష్టమి. అంతవరకు నేనే మాస్టారిని. బల్బుకి వీపు పెట్టి "ఇదిగో పున్నమి" అన్నానో లేదో, నా తల నీడ పడి బంతి మొత్తం చీకటి. పిల్ల ఒకటే నవ్వు.
చంద్రుడు తరిగేది భూమి నీడ వల్లేనని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నా. అలా చూసినా ఇది తిరగబడింది. ఎక్కడ తప్పు చేశాను? టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు:
భూమి నీడేనండి. మాకూ బళ్లో అలాగే చెప్పారు.

పాత లెక్కల టీచరమ్మ:
గట్టు గారూ, నీడ పడితే దాన్ని గ్రహణం అంటాం. శుద్ధ అష్టమినాడు సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కండి. పడమట సూర్యుడు, నెత్తిన కాస్త తూర్పుగా సగం చంద్రుడు. ఇద్దరూ పైనే ఉన్నారు. భూమి నీడ సూర్యుడికి ఎదురుదిక్కున, అంటే ఆ వేళకి మన కాళ్ల కింద ఉంటుంది. అది చంద్రుడి మీదకి ఎలా ఎక్కుతుంది?
గ్రహణం వేళ తప్ప చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ సగంలో మనకి ఎంత కనిపిస్తోందన్నదే కళ. నాన్నగారూ, మీ బంతి చూపించింది అదే. చివర్లో మాత్రం పున్నమి బదులు చంద్రగ్రహణం చేశారు! చెయ్యి తలకంటే పైకెత్తితే సరిపోయేది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చంద్రుడున్నంత దూరంలో భూమి నీడ వెడల్పు 9 వేల కిలోమీటర్ల చిల్లర. చంద్రుడు దానికి 30 వేల కిలోమీటర్లు ఎగువనో దిగువనో కూడా పోగలడు. పున్నమి నెలనెలా వచ్చినా గ్రహణం రానిది అందుకే.
ఆ బల్బు మానేయండి. ఇవాళ శుద్ధ సప్తమి. సాయంత్రం ఓ బత్తాయి తీసుకుని, చంద్రుడి పక్కనే కనిపించేలా చెయ్యి చాచి ఎండలో పట్టుకోండి.

డాబా నాన్న:
చేశాం. బత్తాయి లేక నిమ్మకాయ. కాస్త కోలగా ఉందిలెండి. చంద్రుడికి ఎంత వెలుగో నిమ్మకాయకీ అంతే, అదే వైపు! పిల్ల నోరు తెరిచింది. నేనూ తెరిచాను. మా అమ్మకి మాత్రం వేరే డౌటు. వినాయక చవితినాడు చూడొద్దన్నా సాయంత్రమే ఎదురొస్తాడు, అట్లతద్దికి ఆకలితో ఎదురు చూస్తుంటే పొద్దుగుంకినా రాడేం అని.

పాత లెక్కల టీచరమ్మ:
మంచి ప్రశ్న. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. శుద్ధ చవితికి ఇంకా సూర్యుడి వెనకాలే ఉంటాడు, పొద్దుగుంకే వేళకి పడమట కనిపిస్తాడు. పున్నమికి సూర్యుడు ఇటు దిగితే తను అటు ఎక్కుతాడు. అక్కణ్ణుంచి రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యం. అట్లతద్ది బహుళ తదియ కదా, ఆకలి తప్పదు.

డాబా నాన్న:
రేపు నిమ్మకాయ బడికి పట్టుకెళ్తానంటోంది. పగలు కనిపిస్తాడా?

పాత లెక్కల టీచరమ్మ:
పన్నెండుకి అటూఇటూగా ఉదయిస్తాడు. మబ్బు లేకపోతే మూడింటికి తూర్పున వెతకమనండి.