పదేళ్లు దాటిన గాలి సిలిండర్: సీల్ మార్చి వాడొచ్చా, పక్కన పెట్టేయాలా?

కేఆర్‌పురం నాన్న:
మా పాప 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. దాని గాలి సిలిండర్‌లో రాత్రి 180 బార్ ఒత్తిడి చూపించిన గేజ్ పొద్దున్నకి 140కి దిగిపోతోంది. పోయిన నెల పోటీలో 60 షాట్లలో చివరి ఇరవై చెడిపోయాయి. సిలిండర్ మీద కొట్టిన తేదీకి ఆ పోటీకి ముందే పదేళ్లు నిండాయి. కొత్తది కొనమంటారు కోచ్. గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు, ఓ-రింగ్, మారిస్తే చాలని రేంజ్‌లో ఇంకొకాయన అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పీణ్య రెడ్డప్ప:
ఆ ఇంకొకాయన నేనే. పేరు దాచేది ఏంటికప్పా?

ముప్పై ఏళ్లు బెంగళూరు పీణ్యలో హైడ్రాలిక్ ఫిట్టింగులు చేసినోణ్ణి. గాలి పోతా ఉంటే ముందు ఎక్కడ పోతోందో చూడాల. మర బిగించే చోట బ్రష్‌తో సబ్బునీళ్లు రాయి. బుడగలొస్తే ఓ-రింగే. గాలంతా వదిలేసినాకనే సిలిండర్ విప్పాల. పాత రింగు పళ్లపుల్లతో తియ్. స్క్రూడ్రైవర్ మొన పెట్టినావంటే గాడి గీసుకుపోతుంది, ఇంక ఎన్ని రింగులు మార్చినా కారేది కారేదే. కొత్తదానికి సిలికాన్ గ్రీజు, అదీ రబ్బరు మెరిసేంత మాత్రమే. జేసీ రోడ్డులో పది రూపాయలకిచ్చే రింగు వద్దు, రబ్బరు గట్టిదనం షోర్‌లో కొలుస్తారు, అవి ఎక్కువగా 70 షోర్, మెత్తన. 90 షోర్ నైట్రైల్ రబ్బరు అని అడుగు.

సూటిగురి:
నేను కుట్టు మిషన్ నూనె రాశా అన్నా. బాగానే ఉందే.

పీణ్య రెడ్డప్ప:
200 బార్ గాలిలో మండే నూనా? గాలి గట్టిగా నొక్కుకుంటే వేడెక్కి నూనె అంటుకుంటాది, డీజిల్ ఇంజన్ నడిచేది అట్లనే నాయనా. ఇంక గాలి నింపొద్దు. సర్వీసుకిచ్చి కడిగించు.

కేఆర్‌పురం నాన్న:
రెడ్డప్ప గారూ, నేనడిగింది తేదీ గురించి. పదేళ్ల తర్వాత వాడొద్దని దీనితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల్లో కూడా సిలిండర్ గడువు చూసుకునే బాధ్యత ఆడేవాళ్లదే, పరికరాల తనిఖీలో చూడొచ్చు కూడా.

పీణ్య రెడ్డప్ప:
మీ ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ పైన పట్టీ చూసినావా? ఏ, బీ, సీ, డీ అని అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాది. అది పరీక్షకు పోవాల్సిన గడువు. పరీక్షలో పాసయితే మళ్లీ మన ఇంటికే వస్తాది. దాన్ని పారేస్తా ఉన్నారా? 90 షోర్ వేసి చూడు, అంతే.

మారతహళ్లి శైలజ:
వంటగ్యాస్ మామూలు ఎండకి పది బార్ లోపే ఉంటుంది సార్. ఇది 200.

పీణ్య రెడ్డప్ప:
గోడ మందం కూడా దానికి తగినట్టే పెడతారమ్మా.

మారతహళ్లి శైలజ:
ఆ గోడ లోపలి వైపు ఎలా ఉందో మీకు కనిపిస్తోందా? చేతిపంపుతో నింపేవాళ్లం, తడి పట్టే ఫిల్టర్ మార్చేది ఎంతమందిమి? అల్యూమినియం లోపల తెల్లగా పొడి కట్టినా బయటికి తెలీదు. పైగా గేజ్ పడటం వేరు, షాట్లు చెడటం వేరు. సిలిండర్ గాలిని తగ్గించి ఒకే ఒత్తిడితో పంపేది రెగ్యులేటర్, దాని లోపలి సీల్ అరిగితే కాసేపు ఆగేసరికి ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. ఆగి కొట్టిన మొదటి పెల్లెట్ పక్కకి పోతుంది. అదీ చూపించండి.

పీణ్య రెడ్డప్ప:
రెగ్యులేటర్ బాగుంది, నేనే ఎన్నోసార్లు చూసినా. అది పట్టుకున్నంతసేపూ సిలిండర్‌లో 180 ఉన్నా 120 ఉన్నా పెల్లెట్ వేగం మారదు. టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. చివర్లో ఇరవై తప్పినాయంటే పాప చెయ్యి అలిసింది. ఐదు కిలోల రైఫిల్, గంటంపావు నిలబడాల. తుపాకీ మీద ఏంటికి తోస్తావు?

కేఆర్‌పురం నాన్న:
మా పాప జోలికి రావద్దు. "నేనే ఎన్నోసార్లు చూసినా" అన్నారు కదా, ఎప్పుడు చూశారో కూడా అందరికీ చెప్పండి. ఈ రైఫిల్ నాకు అమ్మింది మీరే. గడువు పదకొండు నెలలే మిగిలిందని డబ్బు తీసుకునేటప్పుడు ఒక్క మాట అనలేదు. కొత్త సిలిండర్ అంటే మా ఇంటి నెల అద్దె దాటుతుంది.

సూటిగురి:
అమ్మబాబోయ్.

పీణ్య రెడ్డప్ప:
తేదీ దాని మెడ మీదనే ఉంది. సదువుకున్నోడివి. మావాడు ఆరేళ్లు ఆడిన రైఫిల్ అది, మూడోవంతు ధరకి ఇచ్చినా. వాడు ఆట మానేసినాక గోడకి ఆనించి ఉంటే చూడలేక ఇచ్చినా. గురి చూసేటప్పుడు బుగ్గ ఆనించే చెక్క ఎత్తు కూడా మీ పాపకి సరిపోయేలా నేనే దించినా. ఇప్పుడు నలుగురిలో మోసగాణ్ణి చేసినావు.

కేఆర్‌పురం నాన్న:
మోసం అనలేదు. సాయంగా ఇస్తున్నానని ఆరోజే అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. అమ్మారు, బేరమాడారు, నేను డబ్బిచ్చాను. బేరంలో గడువు చెప్పాలి కదా సార్. పోటీ రోజు తనిఖీ టేబుల్ దగ్గర నిలబడ్డది నేను కాదు, పదమూడేళ్ల పిల్ల. తేదీ మీద వేలు పెట్టి దాచుకుంది.

మారతహళ్లి శైలజ:
అయ్యో.

పీణ్య రెడ్డప్ప:
అది నాకు తెలీదు.

ఆదివారం తీసుకురా. రింగు నేనే ఏస్తా.

కేఆర్‌పురం నాన్న:
రింగు వద్దండి. గాలి వదిలేసి పైన అటక మీద పెట్టాను. క్లబ్బు సిలిండర్ ఒకటి అరువిచ్చారు.

పీణ్య రెడ్డప్ప:
క్లబ్బుదా? దాని మర దీనికి కూర్చుంటాదా? సబ్బునీళ్లు రాసి చూసినావా?