చెలకల తీతువు గుడ్లున్నయి, దుక్కి ఎట్ల చెయ్యాలె?

ఎర్రచెలక (దేవరకొండ దిక్కు)

అన్నలకు నమస్తే. మూడెకరాల ఎర్ర చెలక, ఈసారి పత్తి. చెలక నడిమిట్ల తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే ఏం లేదు, మొరం రాళ్ల నడుమ అరచేతి మందం గుంత, సుట్టు మేక పెంటికలు. రోహిణి సగం అయిపోయింది, మృగశిరకు వాన పడంగనే కల్టివేటర్ కొట్టియ్యాలె.

అడిగేది మూడు ముచ్చట్లు. గుడ్లు ఎన్ని దినాలకు పగులుతయి? తట్టల పెట్టి ఒడ్డు మీదికి జరిపితే పిట్ట ఒప్పుకుంటదా? ఇంట్ల పెద్దోళ్లు తీతువు కూస్తే కీడు, గుడ్లు తీసి పారేయమంటున్నరు, దానికి ఏం చెప్పాలె?

కుంటగట్టు (పాలమూరు)

ముందు అది ఏ తీతువో చూడండి. మన జిల్లాల్లో రెండు రకాలున్నాయి. తల, గొంతు, రొమ్ము నల్లగా, కంటి ముందు ఎర్ర తోలు మడత, ముక్కు ఎరుపు, కొన నలుపు ఉంటే ఎర్ర తీతువు. ఇది కుంటలు, కాలువల దగ్గర్లో ఎక్కువ. తల మీద నల్ల టోపీ, దాని కింద తెల్ల పట్టీ, ముక్కు మొదట్లో పసుపు తోలు వేలాడుతుంటే పసుపు తీతువు. అది నీళ్లకు దూరంగా బీళ్లలో, ఎండు చెలకల్లో ఉంటుంది. మీ పనికి ఈ తేడా పెద్దగా అడ్డం రాదు. రెండూ నాలుగేసి గుడ్లు పెడతాయి, పొదుగు రోజులు కూడా ఇంచుమించు ఒకటే.

ఆ రోజులు 28 నుంచి 30. చివరి గుడ్డు పడ్డాకే గట్టిగా పొదగడం మొదలుపెడుతుంది, అందుకే నాలుగూ దాదాపు ఒకేసారి పగులుతాయి. మీరు నాలుగు గుడ్లు చూసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. అక్కడి నుంచి 30 రోజులకు మించదు. అంతకంటే ముందే కావచ్చు, ఎందుకంటే మీ కంట పడకముందే ఎన్నో రోజులు గడిచి ఉండవచ్చు.

జరపడం వద్దు. తీతువు గుడ్డును కాదు, చోటును గుర్తుపెట్టుకుంటుంది. 40 గజాల అవతల ఒడ్డు మీద పెడితే తిరిగి పాత గుంత దగ్గరికే వచ్చి నిలబడుతుంది, గుడ్లు ఒడ్డు మీద ఎండిపోతాయి. పైగా ఒడ్డు మీద గడ్డి ఉంటుంది. ఈ పిట్ట దాక్కుని బతికేది కాదు, చుట్టూ దూరం దాకా కనిపించాలి దానికి. కుక్క 100 గజాల దూరంలో ఉండగానే లేచి, పక్కకు నడిచిపోయి, గుడ్లు ఎక్కడున్నాయో తెలియకుండా చేస్తుంది. ఇక గుడ్ల రంగు చూశారుగా, బూడిద కలిసిన గోధుమ మీద నల్ల మచ్చలు. మొరంలో కలిసిపోతాయి, గడ్డిలో తేలిపోతాయి.

కీడు సంగతి. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకుండా ఒక్కటి చెప్పండి: తీతువు రాత్రిపూట కూడా తిరుగుతూ పురుగులు ఏరుకుంటుంది, వెన్నెల రాత్రుల్లో మరీ. చీకట్లో మనిషో కుక్కో నక్కో గూటి వైపు వస్తే అరుస్తుంది. అర్ధరాత్రి కూత వినబడిందంటే చెలకలో ఏదో తిరుగుతోందని అర్థం. కావలికి మంచిదే కదా. సంస్కృతంలో దీని పేరు టిట్టిభం, కూతే పేరైంది.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూటిని కదిలించడం ఉన్నాయి.

తొమ్మిదిపళ్లు

అన్నా, దుక్కి కాడ చెప్త. తొమ్మిది పళ్ల కల్టివేటర్ వెడల్పు రెండు మీటర్ల పైనే ఉంటది. గూటికి ఒక్కో దిక్కు మీటరున్నర వదిలితే మూడు మీటర్ల చదరం మిగులుతది. అంతకు తక్కువైతే పళ్లు లేపిన పెళ్లలు గుడ్ల మీద పడతయి. 90కి 60 సెంటీమీటర్ల సాలు అనుకుంటే ఆ జాగల పట్టేది 16, 17 పత్తి మొక్కలు. పిల్లలు లేచిపోయినంక గింజలు పెట్టుకోవచ్చు, కొంచెం ఎనకబడతయి, అంతే.

డ్రైవర్‌కు "అక్కడెక్కడో గుడ్లున్నయి, సూసుకో" అంటే పని కాదు, ట్రాక్టర్ మీద కూసుంటే అవి కనవడయి. గూటికి సాలు వరసలనే ముందు ఐదు మీటర్లకు ఒక కట్టె, ఎనక ఐదు మీటర్లకు ఒకటి పాతుండ్రి. మొదటి కట్టె కాడ హైడ్రాలిక్‌తోని కల్టివేటర్ లేపాలె, గూటికి పక్క నుంచి పోవాలె, రెండో కట్టె కాడ దించాలె. గూటి పక్కనే కట్టె పాతకుండ్రి, కాకి వచ్చి దాని మీదనే కూసుంటది. గూటి కాడ బండి తిప్పొద్దు, తిప్పుడంతా ఒడ్డుకే. రోటవేటరైతే ఇంకో మీటరు ఎక్కువ వదులుండ్రి, మట్టి దూరం ఎగజల్లుతది.

ఒక్క సుట్టు దుక్కైతే ఇది సరిపోతది. అడ్డం, నిలువు రెండూ కొట్టిస్తే రెండో సుట్టుకు కట్టెలు మళ్ల మార్చాలె. అందరు మర్చిపోయేది ఇదే, గుడ్లు పోయేది గూడ రెండో సుట్టుకే.

కుంటగట్టు (పాలమూరు)

పైన చెప్పిన కొలతలు బాగున్నాయి. ఒక్కటి కలుపుతాను. దున్నిన ఎర్రమట్టి నడుమ గడ్డి ఉన్న చదరం ఒక్కటే మిగిలితే కాకికి, గద్దకు అది గురి పెట్టినట్టే. మీ గూడు చుట్టూ ఉత్త మొరమే అయితే ఫరవాలేదు. గడ్డీ కొయ్యకాళ్లూ ఉంటే అటువంటి చదరాలే ఇంకో రెండు మూడు అక్కడక్కడ వదలండి. ఈ కారు అయ్యాక దున్నేసుకోవచ్చు.

నాగర్‌కర్నూల్_పొలం

ఇంత ఎండలో ట్రాక్టర్ చప్పుడుకు పిట్ట లేచిపోతే గుడ్లు ఉడికిపోవా? పైన నీళ్లు చల్లినా, గొడుగు లాంటిది ఏదైనా పెట్టినా మేలు కాదా?

కుంటగట్టు (పాలమూరు)

భయం సరైనదే, మందు సరైంది కాదు.

ఈ కాలంలో తీతువు గుడ్డుకు చలికంటే వేడితోనే ప్రమాదం. నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున ఎర్రమట్టి నేల గాలికంటే చాలా ఎక్కువ కాగుతుంది. అందుకే మధ్యాహ్నం పూట పిట్ట గుడ్ల మీద కూర్చోదు, పైన నిలబడి రెక్కలు కొంచెం వదులు చేసి నీడ పడుతుంది. ఆడ, మగ వంతులు మార్చుకుంటాయి. వంతుకు వచ్చేది ముందు నీళ్ల దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద ఆనుతుంది. ఇటువంటిదే సాండ్‌గ్రౌజ్ (ఎండు బీళ్లలో తిరిగే, పావురం లాంటి పిట్ట)లో మగపక్షి ఇంకోలా చేస్తుంది. దాని పొట్ట ఈకలు స్పంజిలా నీళ్లు పట్టుకుంటాయి, ఆ ఈకల నుంచి పిల్లలు నీళ్లు పీల్చుకుంటాయి. తీతువుది చల్లార్చే పని, దానిది తాపే పని.

పిట్ట తెచ్చే తడి ఎంత కావాలో అంతే. చెంబుతో నీళ్లు పోస్తే గుంత బురదవుతుంది, గుడ్డు మట్టిలో అతుక్కుంటుంది, మీ అడుగుజాడ వెంట కుక్క వస్తుంది. గొడుగు పెడితే పిట్టకు చుట్టుపక్కల కనిపించదు, దగ్గరికే రాదు. దానికి నీడ కాదు కావాల్సింది, మనం అక్కడ లేకపోవడం.

కాబట్టి గూటి పక్క సాళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు కొట్టించండి, లేదా ఐదు దాటాక. 11 నుంచి నాలుగు దాకా ఆ వైపు పోవద్దు. పిట్ట లేచిన తర్వాత ఆ నాలుగైదు సాళ్లు ఆగకుండా కొట్టేసి, బండిని దూరం తీసుకుపోవాలి. డ్రైవర్ చాయ్ తాగడానికి గూటి పక్కన ఆపాడంటే ఆ చాయ్ గుడ్ల ప్రాణానికే వస్తుంది.

తర్వాత తిరిగి కూర్చుందో లేదో 50, 60 గజాల అవతల నుంచి చూడండి. అది గూటి మీద నేరుగా వాలదు. దూరంగా దిగి, నాలుగడుగులు పరుగు, ఆగుడు, మళ్లీ పరుగు, అట్లా వస్తుంది. ఒక్కోసారి గుడ్లు లేని చోట కూడా కూర్చున్నట్టు నటిస్తుంది, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మోసపోయి దాని వెంట పోకండి. గంట దాటినా రాకపోతే మీరింకా దగ్గరగా ఉన్నారన్నమాట, ఇంకా వెనక్కి జరగండి.

ఎర్రచెలక (దేవరకొండ దిక్కు)

మాది ఎర్ర తీతువే. కట్టెల ముచ్చట మంచిగుంది, అట్లనే చేస్త. ఒకవేళ పొద్దున లేచి సూస్తే గుంత ఖాళీగ ఉంటే? పిల్లలైనయా, ఏదన్న తిన్నదా, ఎట్ల ఎర్కైతది?

కుంటగట్టు (పాలమూరు)

గుంత అడుగున వేలితో మెల్లగా కదిపి చూడండి. గోరంత కూడా లేని సన్న పెంకు ముక్కలుంటే పిల్లలయినట్టు. పెద్ద పెంకులను తల్లీతండ్రీ ఎత్తుకుపోయి దూరంగా పడేస్తాయి, తెల్లటి లోపలి వైపు కనిపిస్తే కాకి వస్తుందని. పెద్ద పెంకులు, సొన మరకలు ఉంటే ఏదో తినేసినట్టు. ముంగిస, కాకి, కుక్క, ఏదైనా కావచ్చు. ఏమీ లేకుండా శుభ్రంగా ఉంటే పాము మింగి ఉండవచ్చు, లేదా మనిషి ఎత్తుకుపోయి ఉండవచ్చు.

పగలబోయే ముందు గుర్తులు కూడా ఉంటాయి. గుడ్డు మీద నక్షత్రంలా సన్న బీట వస్తుంది, చెవి దగ్గర పెడితే లోపల కిచకిచ వినిపిస్తుంది. పెట్టి చూడకండి, మాటవరసకు చెప్తున్నాను. పెద్దపిట్టలు అప్పుడే మీ తల మీదికి దూసుకొస్తాయి. మొదట్లో దూరం నుంచే అరిచేవి, చివరి రోజుల్లో టోపీ తగిలేంత కిందికి దిగుతాయి.

పిల్లలు పుట్టీ పుట్టగానే నడుస్తాయి, గూట్లో ఉండవు. వాటికి ఎవరూ మేత పెట్టరు, పురుగులు అవే ఏరుకుంటాయి. తల్లి హెచ్చరిక కూత వేస్తే ఉన్నచోటే నేలకు అతుక్కుపోయి కదలవు. అందుకే పిల్లలు ఎగిరేదాకా ట్రాక్టర్‌కంటే ముందు ఒక మనిషి నడవాలి. కదలని పిల్ల చక్రం కింద పడుతుంది. కనబడితే ఎత్తి పక్క సాలులో పెట్టి జరిగిపోండి, ఇంటికి తేకండి. ఇంట్లో బతకదు.

తొమ్మిదిపళ్లు

ఫామ్ పాండ్ ఉందా అన్నా? ప్లాస్టిక్ షీట్ వేసింది అయితే నీళ్ల కోసం దిగిన పిల్ల ఎక్కి రాదు, జారుతనే ఉంటది. ఒక మూలకు పాత గోనె సంచులు కుట్టి, పైన రాయి కట్టి నీళ్లల్లకు ఏలాడదీయుండ్రి. ఉడుతలు, తొండలు గూడ దాని మీదనే ఎక్కి బయటపడతయి.

ఎర్రచెలక (దేవరకొండ దిక్కు)

ఉందన్నా, పోయినేడు తవ్విచ్చినం. సంచులు రేపే కడత.