వేలా, వేళా?

వాసు, కళింగపట్నం: మా తాతగారు సాయంత్రం పూట లైట్‌హౌస్ దగ్గర ఇసకలో కూచుని ఓ పద్యం పాడేవారు. 'వేల దాటని వార్ధి' అన్న ముక్కే నాకు మిగిలింది. వార్ధి అంటే సముద్రం. 'వేళ దాటని' అయ్యుంటుందా? బడిపిల్లలకి మ్యాగ్నెటోపాజ్ గురించి, అంటే అంతరిక్షంలో భూమి అయస్కాంత క్షేత్రానికుండే అంచు గురించి రాస్తున్నాను, 'అయస్కాంత వేల' అందామని.

బొబ్బిలి మాస్టారు: 'వేల'యే. చెలియలికట్ట, సముద్రానికి హద్దు. ళ పెడితే కాలమైపోతుంది. నీ పనికీ చక్కగా అతుకుతుంది. సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల తోపు, భూమి అయస్కాంతం తోపు సరితూగే హద్దే కదా అది, సూర్యుడి వైపు సుమారు 64 వేల కిలోమీటర్ల దూరాన.

లక్ష్మి, టెక్కలి: అమరకోశం తీయండి మాస్టారూ, ఆ సంస్కృత నిఘంటువు. కడలినీటి పొంగు, కాలం, హద్దు మూడూ ఒక్క 'వేలా' శబ్దానికే ఇచ్చాడు. ల, ళ అని పంచుకున్నది మనం. పైగా ఆ హద్దు కట్టలా నిలబడదు. సౌరపవనం ఒత్తిడి మారగానే సెకనుకి పదుల కిలోమీటర్లు, ఒక్కోసారి వందలు కూడా జరుగుతుంది. ఆ ఎత్తున ఉపగ్రహం నడక రెండు మూడు కిలోమీటర్లే. అందుకే ఒక్క ప్రయాణంలో హద్దు పదేపదే తగులుతుంది. అటూ ఇటూ ఊగేది హద్దే. 1977లో పంపిన ఐ.ఎస్.ఇ.ఇ. ఉపగ్రహాల జంటలో హద్దు ఒకదాన్ని తాకి రెండోదాన్ని తాకడానికి పట్టిన సమయంతోనే దాని వేగం కట్టారు. నాకది పొంగే.

బొబ్బిలి మాస్టారు: ఊగనీండి, దూరం సగమవ్వాలంటే ఒత్తిడి 64 రెట్లు కావాలి. ఎంత మొండికట్ట! 'దాటని' అన్న క్రియని వదిలేస్తున్నారు మీరు. దాటేది హద్దుని, పొంగుని కాదు. గట్టు దాటి పొంగితే 'ఉద్వేలం' అంటాం, 'ఉద్వేళం' అంటామా?

రాజాం కుర్రాడు: 2024 మే సౌరతుపానులో అది భూస్థిర ఉపగ్రహాల కక్ష్య లోపలికే వచ్చేసింది మాస్టారూ. '64 వేల కిలోమీటర్ల వేల' అని రాస్తే పిల్లలు ఏటని చదువుతారు? బారువలో సముద్రంలోకి వేటకెళ్ళేవాళ్ళని అడిగితే నీరు పొంగడాన్ని పోటు, తీయడాన్ని పాటు అంటారు. గిడుగువారు పుట్టింది మన పర్వతాలపేటలోనే. సవరల నోట విన్న మాటలకి నిఘంటువు కట్టిన మనిషి. ఆయనుంటే 'పోటుగట్టు' అనేవారని నా నమ్మకం.

లక్ష్మి, టెక్కలి: పోటుగట్టు బాగుంది. వాసూ, తాతగారు నీళ్ళని ఏమనేవారు?

వాసు, కళింగపట్నం: నీల్లు అనేవారండి. అంటే నా చెవిని నమ్మడానికి లేదు. ఆయన నోటుపుస్తకం పలాసలో మా పిన్ని దగ్గరుంది. ళ రాస్తే తోక కింది వరస దాకా లాగేవారు, చూడగానే తెలిసిపోతుంది.

బొబ్బిలి మాస్టారు: పద్యం మొత్తం పెట్టు నాయనా. ఆ అక్షరం ప్రాసస్థానంలో ఉంటే తేలిపోతుంది.

లక్ష్మి, టెక్కలి: లళలకి ప్రాసలో అభేదం ఒప్పుకున్నారు కదా మాస్టారూ.