అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీకి నవంబర్‌లోనే అప్లై చేయాలా, జనవరి దాకా ఆగాలా?

మాది మర్రిగూడ దగ్గర, నల్లగొండ జిల్లా. మా చెల్లి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫస్టియర్‌లో 470కి 461 వచ్చాయి. శాట్‌లో (అమెరికా యూనివర్సిటీల అడ్మిషన్‌కు రాసే పరీక్ష) 1600కి 1510: మ్యాథ్స్ 790, ఇంగ్లిష్ 720. ఒలింపియాడ్‌లు ఏమీ రాయలేదు. రెండేళ్లుగా చుట్టుపక్కల బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కిట్‌తో చూసి, తేదీ వేసి రాసుకుంటోంది. ఆ నోట్‌బుక్ అట్టలు ఊడిపోయాయి కానీ 43 బోర్ల లెక్క అందులోనే ఉంది.

హైదరాబాద్‌లో ఇద్దరు కన్సల్టెంట్లను అడిగాం. ఒకాయన సీటు గ్యారంటీ అన్నాడు (అక్కడే నమ్మకం పోయింది), ఇంకొకాయన ఫీజు దండగన్నాడు. ఎంఐటీ వెబ్‌సైట్ అంతా చదివాం, కటాఫ్ అంటూ ఏదీ లేదు. ఖర్చు భరించలేమన్నది అడ్మిషన్‌కు అడ్డు కాదని మాత్రం తెలిసింది.

ఈ స్కోరుతోనే నవంబర్ 1 లోపు ఎర్లీ యాక్షన్‌లో (ముందుగా అప్లై చేసే విడత) వేయడం మేలా, డిసెంబర్‌లో శాట్ మళ్లీ రాసి జనవరిలో వేస్తే అవకాశం నిజంగా పెరుగుతుందా?