పాత పెట్రోల్ కారు ఆక్సిజన్ సెన్సర్లు: రెండూ మార్చాలా, ముందుదొక్కటి చాలా?

పాతబండి:
అందరికీ నమస్తే. నాది 2003 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటింది, ఆక్సిజన్ సెన్సర్లు (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేవి) రెండూ కంపెనీ నుంచి వచ్చినవే. ఈమధ్య చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఆరట్లేదు, స్కానర్ పెడితే పీ0133 అనే ఎర్రర్ కోడ్ చూపిస్తోంది, మైలేజీ కూడా బాగా పడిపోయింది. మెకానిక్ రెండు సెన్సర్లూ మార్చేయమంటున్నాడు. వెనకదాని మీద కోడేమీ లేదు కదా, అదెందుకు మార్చాలో అర్థం కావట్లేదు. ఇంకోటి, ముందుది తుప్పుపట్టి మానిఫోల్డ్‌లో (ఇంజిన్ పొగ బయటికెళ్లే గొట్టంలో) అతుక్కుపోయినట్టుంది, నేనే విప్పుదామంటే థ్రెడ్ పోతుందేమోనని భయం. చేసినోళ్లుంటే చెప్పండి.

స్పానర్22:
వెనకది వదిలెయ్ బ్రో. గాలి, పెట్రోల్ మిక్చర్ చూసుకునేది ముందుది, వెనకది ముఖ్యంగా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు కనిపెట్టడానికి. ముందుది కూడా వెంటనే కొనకు, పీ0133 అంటే ఆ సెన్సర్ మెల్లగా స్పందిస్తోందని, అంతేగానీ అది పోయిందని తేల్చినట్టు కాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని స్కానర్‌లో లైవ్ డేటా చూడు, ముందుదాని వోల్టేజీ 0.1 కీ 0.9 కీ మధ్య గబగబా ఊగాలి, నీరసంగా కదుల్తుంటే దాని పని అయిపోవచ్చినట్టే. వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కొన్ని బళ్లలో ముందుది వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం ఉంటుంది, దానికి ఈ లెక్క పనికిరాదు, ఏది ఉందో పార్ట్ నంబర్ బట్టి చూసుకో.

అసలు ముందు మానిఫోల్డ్ గాస్కెట్ చూడు. అక్కడ లీకుంటే బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది, సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనపడి మిక్చర్ లీన్, అంటే పెట్రోల్ తక్కువైంది అనుకుంటుంది, కంప్యూటరేమో పెట్రోల్ ఇంకా ఎక్కువ పోస్తుంది, మైలేజీ అక్కడే పోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి టిక్ టిక్ శబ్దం వస్తోందేమో విను, చుట్టూ మసి మరకలున్నాయేమో చూడు.

గ్యారేజీ అక్క:
విప్పడం గురించి నేను చెప్తా తమ్ముడూ. ముందురోజు రాత్రే థ్రెడ్ దగ్గర తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలెయ్. పొద్దున ఇంజిన్ కాసేపు నడిపి ఆపెయ్, గోరువెచ్చగా ఉండగా ప్రయత్నించు, మరీ వేడి మీద చెయ్యి పెట్టకు. కింద దూరాల్సొస్తే స్టాండ్లు పెట్టకుండా జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వైరు పట్టడానికి పక్కన చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్ దొరుకుతుంది, మామూలు ఓపెన్ స్పానర్ వేస్తే మూలలు అరిగిపోతాయి. ఒకేసారి గుంజకుండా పావు తిప్పు వదులు చేసి మళ్లీ కాస్త బిగించి, మళ్లీ వదులు చేస్తూ పో. థ్రెడ్ కొంచెం దెబ్బతిన్నా ఎం18, 1.5 పిచ్ ఛేజర్‌తో శుభ్రం చేసుకోవచ్చు, చాలా బళ్లకి అదే సైజు. కొత్తదాని థ్రెడ్‌కి యాంటీ సీజ్ (అతుక్కుపోకుండా రాసే పేస్ట్) ముందే పూసి వస్తే మళ్లీ పూయకు, లేకపోతే కొంచెం పూయి, కానీ సెన్సర్ కొసకి మాత్రం అస్సలు తగలనివ్వకు. ముందు చేత్తోనే తిప్పి ఎక్కించి, తర్వాత మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించు. వైరు సోల్డర్ చెయ్యొద్దు, చాలా సెన్సర్లు పోల్చుకోడానికి బయటి గాలిని ఆ వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి.

పాతబండి:
థాంక్స్ అక్కా, స్పానర్ బ్రో. గాస్కెట్ లీకేం లేదు, వోల్టేజీ మాత్రం బాగా మెల్లగా కదుల్తోంది, వెనకది నిలకడగానే ఉంది. ముందుది విప్పేశా, థ్రెడ్ బాగానే ఉంది. కానీ కొస మీద తెల్లగా సుద్ద రాసినట్టు పొర ఉంది, నల్లటి మసి లేదు. ఇది మామూలేనా?

స్పానర్22:
మామూలు కాదు, కొత్తది బిగించకుండా ఆగు. తెల్లపొర చాలావరకు కూలెంట్ వల్ల గానీ సిలికాన్ వల్ల గానీ వస్తుంది. ఈమధ్య కూలెంట్ ఊరికే తగ్గుతోందా? తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ లీకై కూలెంట్ సిలిండర్లోకి పోతోందేమో చెక్ చేయించాలి. లేదంటే వాల్వ్ కవర్‌కో ఆయిల్ పాన్‌కో మామూలు సిలికాన్ సీలెంట్ పూసి ఉంటారు, దాని ఆవిరి క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) నుంచి ఇన్‌టేక్‌లోకి (గాలి లోపలికెళ్లే దారిలోకి) పోయి కాలి సెన్సర్ మీద పేరుకుంటుంది. ఆ కారణం తీసెయ్యకపోతే కొత్త సెన్సర్ కూడా ఇలాగే చస్తుంది. సీలెంట్ మళ్లీ పూయాల్సొస్తే ట్యూబ్ మీద సెన్సర్ సేఫ్ అని ఉన్నదే వాడు.