కోళ్ల గూట్లో ఘాటు వాసన, తోలుగుడ్లు: తప్పు ఎక్కడ? కుందేళ్లను కలిపి పెంచొచ్చా?

పెరటిమొక్క:
నమస్కారం అండి. పెరట్లో 6 పెట్టలున్నాయి, 10 నెలల వయసు. గూడు 4×6 అడుగులు, దాని ముందు 6×8 అడుగుల జాలీ ఆవరణ. ఆవరణలో మట్టినేల. గూట్లో 2 అంగుళాల మందాన రంపపు పొట్టు పోశాం. మూడు వారాలుగా ముసురు పట్టింది. జల్లు లోపలికి కొడుతోందని గూడు పైభాగంలో ఉన్న ఖాళీలన్నీ టార్పాలిన్‌తో మూసేశాం.

పొద్దున్నే తలుపు తీస్తే ముక్కు మండుతోంది, కళ్లు నీరు కారుతున్నాయి. రోజుకు 5 గుడ్లు వచ్చేవి, ఇప్పుడు 3 వస్తున్నాయి. వారానికి రెండు మూడు గుడ్లు పెంకే లేకుండా తోలులా ఉంటున్నాయి. ఒక పెట్ట గుడ్డు పొడుచుకుని తింటోంది. మేత సగం లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా), సగం మొక్కజొన్న నూక. పైన వంటింట్లో మిగిలినవి.

ఇంకో సంగతి. రెండు కుందేళ్లను తెద్దామనుకుంటున్నాం. అదే ఆవరణలో వదలొచ్చా?

ఊకబస్తా:
ముందు ఆ టార్పాలిన్ విప్పేయండి. మిగతావి దాని తర్వాతే.

ఒక పెట్ట రోజుకు 110 నుంచి 120 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. ఆరింటికీ కలిపితే రోజుకు అరలీటరు పైగా నీళ్లు మీ గూట్లో పడుతున్నట్టు. ఊపిరితో వచ్చే తేమ దీనికి అదనం. అదంతా గాలితోపాటు బయటికి పోవాలి. మీరు దారి మూసేశారు కాబట్టి పొట్టులోకి దిగింది. తడిసిన పొట్టులో సూక్ష్మజీవులు రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని అమోనియాగా మారుస్తాయి. మీ ముక్కు మండుతున్నది దానివల్లే. మీరు నిలబడి ఒక్క నిమిషం పీల్చే గాలిని పెట్టలు రాత్రంతా పీలుస్తాయి. అమోనియా 25 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 25) దాటి అలాగే ఉంటే శ్వాసనాళం లోపలి సన్నని నూగు దెబ్బతింటుంది, ఆ తర్వాత ఏ జలుబు సోకినా తగ్గదు.

ఖాళీలు ఎక్కడ ఉండాలంటే, కర్ర మీద వాలిన కోడి తలకన్నా పైన, ఎదురెదురు గోడల్లో. కోడికి ఒక చదరపు అడుగు లెక్క వేసుకోండి. మీ గూడుకు 6 అడుగుల గోడలు రెండింటికీ కప్పు కింద 6 అంగుళాల వెడల్పున పొడవునా తెరిస్తే సరిగ్గా 6 చదరపు అడుగులు వస్తుంది. జల్లు కొట్టకుండా కప్పును ఒకటిన్నర అడుగు బయటికి పొడిగించండి, అంతేగాని ఖాళీని మూయొద్దు. కోడి చలికి ఈకలు ఉబ్బించుకుని తట్టుకుంటుంది. తడిగాలిని మాత్రం తట్టుకోలేదు.

ఇక పొట్టు. 2 అంగుళాలు చాలదు. ఉన్నదంతా పారతో ఎత్తేసి, నేలను ఒక పూట ఆరనిచ్చి, 6 అంగుళాల మందాన కొత్తది పోయండి. మీ గూడుకు 12 ఘనపుటడుగులు కావాలి. 50 కిలోల దాణా సంచితో కొలిస్తే నాలుగైదు సంచులు. ఊక అయినా, ముతక రంపపు పొట్టు అయినా ఫరవాలేదు. సన్నటి పిండిలాంటి పొట్టు మాత్రం వద్దు, తడిస్తే అట్టకడుతుంది, ఎండితే దుమ్ము లేస్తుంది.

రోజూ గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి చూడండి. చెయ్యి తెరిచాక ముద్ద అలాగే నిలిచిందంటే తడి ఎక్కువైనట్టు, ఆ చోటు తవ్వి తీసేసి పొడిది వేయాలి. ముద్దయి, వేలితో తాకగానే విరిగిపోతే సరిగ్గా ఉన్నట్టు. అసలు ముద్దే కాకుండా దుమ్ము రాలితే మరీ పొడి.

సగం రెట్ట రాత్రిపూట కర్ర కిందే పడుతుంది. కర్రకు 6 అంగుళాల కింద, అడుగున్నర వెడల్పు పలక బిగించి, పొద్దున్నే గీకి బయటికి తీసేస్తే పొట్టు మీద భారం సగానికి తగ్గుతుంది. నాకు తెలిసి ఇంత తక్కువ పనితో ఇంత ఫలితం ఇచ్చేది గూట్లో మరొకటి లేదు. కోడికి 10 అంగుళాల చొప్పున 5 అడుగుల కర్ర సరిపోతుంది. 2 అంగుళాల వెడల్పు ఉండి, అంచులు నున్నగా గుండ్రం చేసినదై ఉండాలి. గుడ్ల పెట్టెకన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే పెట్టెలోనే పడుకుని రెట్ట వేస్తాయి.

నీళ్ల పాత్ర అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి. నేలమీద పెడితే అందులో కాళ్లు పెట్టి పొట్టంతా తడిపేస్తాయి.

కందనకాయ:
వాసన సంగతి పైన చెప్పేశారు. తోలుగుడ్లకు కారణం మీ ప్రశ్నలోనే ఉందండి: సగం మొక్కజొన్న.

లెక్క చూడండి. ఒక గుడ్డు పెంకులో 2 గ్రాములకు కాస్త పైగా కాల్షియం ఉంటుంది. లేయర్ దాణాలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం. పెట్ట రోజుకు 115 గ్రాములు తింటే 4 గ్రాములు పైచిలుకు లోపలికి పోతుంది, దాంట్లో సుమారు సగమే ఒంటబడుతుంది. అంటే పూర్తి దాణా తింటేనే పెంకుకు బొటాబొటీగా సరిపోతుంది. మీరు సగం తీసేసి మొక్కజొన్న పెట్టారు. మొక్కజొన్నలో కాల్షియం దాదాపు లేదు. రోజూ పడే ఆ లోటును పెట్ట తన ఎముకల్లోంచి తీసి పూడుస్తుంది. కొన్నాళ్లకు అక్కడా తరిగిపోయి పెంకు పలచబడుతుంది, చివరికి పొర మాత్రమే మిగులుతుంది. మాంసకృత్తులూ తగ్గాయి. 17 శాతం ఉండే దాణాలో 8, 9 శాతం ఉండే గింజ సగానికి సగం కలిపితే మొత్తం 13 శాతానికి దిగిపోతుంది. గుడ్ల సంఖ్య తగ్గింది అందుకే.

వారం రోజుల్లో మెల్లగా మార్చండి. రోజూ కాస్త మొక్కజొన్న తగ్గిస్తూ, ఏడో రోజుకు పూర్తి లేయర్ దాణాకు రండి. గింజ ఇవ్వాలనిపిస్తే సాయంత్రం కోడికి 10 గ్రాములు, అంటే పిల్లల గుప్పెడంత. వంటింటి మిగుళ్లు మొత్తం మేతలో పదో వంతు దాటనీయకండి. బూజు పట్టినది ఏదీ వేయొద్దు, బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని నాశనం చేస్తుంది. ఉప్పెక్కువ ఉన్నవి, పచ్చి చిక్కుడు జాతి గింజలు, పచ్చబడిన బంగాళదుంప తొక్కలు, అవకాడో కూడా వద్దు.

ఆల్చిప్పల ముక్కలు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలై ఉండాలి, పొడి కాదు. పెంకు ఎక్కువ భాగం రాత్రిపూట తయారవుతుంది. ఆ వేళ మేత ఉండదు. ముక్క అయితే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది, పొడి అయితే చీకటి పడేలోపే దాటిపోతుంది. దాణాలో కలపకండి, ఎంత కావాలో పెట్టకే తెలుసు. గింజ నూరుకోవడానికి గరుకు రాళ్లు వేరే గిన్నెలో పెట్టాలి. అవి కరగవు, ఆల్చిప్పకు బదులు కావు. చిన్న కోడిపిల్లలున్న చోట మాత్రం లేయర్ దాణా పెట్టకూడదు, ఆ కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

పది రోజుల్లో పెంకు గట్టిపడాలి. మూడు వారాలైనా మారకపోతే, లేదా పెంకు మీద ముడతలు, లోపల తెల్లసొన నీళ్లలా, దాంతోపాటు తుమ్ములు, గురక ఉంటే అది మేత లోపం కాదు. పశువైద్యులకు చూపించండి.

గుడ్డు తినే పెట్టను తిట్టుకోకండి. పెంకు పలచబడితే గుడ్డు పెట్టెలోనే చిట్లుతుంది, సొన రుచి దానికి అలా అంటుకుంది. 12 అంగుళాల చదరపు పెట్టెలు రెండు, అడుగున 4 అంగుళాల మెత్త, ముందు గోనెగుడ్డ తెర. లోపల చీకటిగా ఉంటే పొడవదు. గుడ్లు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయండి. పెట్టెలో చెక్క గుడ్డు ఒకటి వదలండి. రెండు మూడు సార్లు పొడిచి ముక్కు నొప్పెట్టాక చాలావరకు మానేస్తాయి. పెంకులు తిరిగి వేసేటట్టయితే ఉడికించి ఎండబెట్టి, గుడ్డు ఆకారం పోయేలా నలిపి వేయండి.

తొలికోడి:
వాసనకు సున్నం చల్లండి, వెంటనే తగ్గుతుంది. బూడిద కూడా బాగా పనిచేస్తుంది.

ఊకబస్తా:
తొలికోడి గారూ, ఈ మాట చాలామంది చెప్తారు గానీ తడి పొట్టు మీద ఇది బెడిసికొడుతుందండి. సున్నం గాఢ క్షారం. క్షారం పెరిగితే పొట్టులో కరిగి ఉన్న అమ్మోనియం అంతా వాయువుగా మారి ఒక్కసారిగా పైకి వస్తుంది. చల్లిన రోజే వాసన ఎక్కువవుతుంది. తడి తగిలిన సున్నం పాదాలను, కళ్లను కూడా కాలుస్తుంది. కట్టెల పొయ్యి బూడిదకూ అదే గుణం. సున్నానికి చోటు వేరే ఉంది: గూడంతా ఖాళీ చేసి కడిగి ఆరిన నేలమీద పలచగా పూసి, అది పూర్తిగా ఎండాక పైన పొట్టు వేసేటప్పుడు.

బూడిదను మట్టిస్నానానికి ఉంచండి. 2 అడుగుల వెడల్పు తొట్టిలో పొడి ఇసుక రెండు పాళ్లు, పొడి మట్టి రెండు పాళ్లు, జల్లించిన బూడిద ఒక పాలు, 8 అంగుళాల లోతున. వాన పడని చోట పెట్టాలి. ముసురులో బయట మట్టి తడిసి ఉంటే స్నానం ఆగిపోతుంది, పేలు పెరుగుతాయి. రాత్రి టార్చి వేసి కర్ర చివర్లు, పగుళ్లు చూడండి, ఎర్ర మైట్లు (రక్తం పీల్చే సన్నని పురుగులు) పగలు అక్కడే దాక్కుంటాయి. తెల్ల కాగితంతో కర్ర అడుగున రుద్దితే ఎర్రటి గీతలు పడ్డాయంటే ఉన్నట్టే.

చెవులపిల్లి:
కుందేళ్ల సంగతి. అదే ఆవరణలో వద్దండి, గట్టిగా చెప్తున్నాను.

అమోనియా కోళ్లకన్నా కుందేళ్లనే ముందు దెబ్బతీస్తుంది. వాటి ముక్కు, ఊపిరితిత్తులు చాలా సున్నితం. పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా రెండింటికీ సోకుతుంది. కోళ్లు ఎండుగడ్డి మీద రెట్ట వేస్తాయి, కుందేలు ఆ గడ్డే తింటుంది. పైగా కోళ్లు కుందేళ్ల కళ్లను పొడుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, కుందేలు లేయర్ దాణా రుచి మరిగితే ఆపలేం. కోడిలా కాకుండా కుందేలు మేతలోని కాల్షియాన్ని అవసరంతో పనిలేకుండా ఒంట్లోకి తీసుకుని, మిగిలింది మూత్రంలో వదులుతుంది. ఎక్కువైతే మూత్రం సున్నపు నీళ్లలా చిక్కబడి, రాళ్లు కడతాయి.

విడిగా పెంచండి. నీడలో, నేలకు 3 అడుగుల ఎత్తున బోను. అడుగున తీగ అర అంగుళం × అంగుళం కన్నం, దళసరిది. ఒక మూల 10×12 అంగుళాల చెక్క పలక తప్పకుండా వేయండి, లేకపోతే మడమలు పుండ్లు పడతాయి. మేతలో ముప్పాతిక పైగా ఎండుగడ్డి ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. 30 డిగ్రీలు దాటితే కుందేలు ఇబ్బంది పడుతుంది. చెమట పట్టదు, వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి బోనులో పెడితే దాన్ని ఆనుకుని పడుకుంటుంది. ఆడ, మగ అని రూఢి చేసుకోకుండా రెండింటిని ఒకే బోనులో పెట్టకండి. 31 రోజులకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు.

రాత్రిపూట మెత్తటి గుత్తుల్లాంటి రెట్టను తన నోటితో తానే తీసుకుని తింటుంది. జబ్బు కాదు, విటమిన్లు అలాగే ఒంటబట్టించుకుంటుంది.

మట్టిగోడ:
మట్టినేల ఆవరణ అన్నారు కాబట్టి రెండు మాటలు. షట్కోణపు కన్నాల సన్న జాలీ కోడిని లోపల ఉంచుతుందే గాని కుక్కను, ముంగిసను బయట ఉంచలేదు. అర అంగుళం వెల్డెడ్ మెష్ వాడండి. అడుగున 18 అంగుళాల వెడల్పు మెష్‌ను బయటివైపు నేలమీద పరిచి, మేకులు కొట్టి, పైన మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ మెష్ తగిలి ఆగిపోతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. కొత్తగా తెరిచే గాలి ఖాళీలకూ ఇదే మెష్.

బురదకు: కప్పు నీళ్లు ఆవరణలోకి కారుతున్నాయేమో చూసి పక్కకు మళ్లించండి. తర్వాత 5 అంగుళాల మందాన ముతక చెక్క ముక్కలు పరచండి. రంపపు పొట్టు బయట వేస్తే రెండు వానలకు పేస్టవుతుంది.

పెరటిమొక్క:
అందరికీ చాలా కృతజ్ఞతలు. టార్పాలిన్ తీసేశాం. గీకిన రెట్ట, పాత పొట్టు కూరమొక్కలకు నేరుగా వేయొచ్చా? ఇంకొకటి, కొన్ని రెట్టలు జిగురుగా, ముదురు గోధుమ రంగులో పడుతున్నాయి. విరేచనాలా?

కందనకాయ:
జిగురు రెట్ట పేగు చివరి సంచుల నుంచి వచ్చేది. ఎనిమిది పదిసార్లకు ఒకసారి అలా వేస్తాయి, వాసన కూడా ఎక్కువే. మామూలే. రక్తపు చార కనిపిస్తే మాత్రం, ముఖ్యంగా 3 నుంచి 6 వారాల కోడిపిల్లల్లో, కాక్సిడియోసిస్ (పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అని అనుమానించి అదే రోజు చూపించాలి. తడి పొట్టులో ఆ పరాన్నజీవి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే సోకే స్థితికి వస్తాయి.

ఊకబస్తా:
పచ్చిది వేస్తే వేర్లు మాడిపోతాయి. ఒక బుట్ట రెట్టకు రెండు బుట్టల ఎండుటాకులు కలిపి 3 అడుగుల ఎత్తు కుప్ప పోయండి. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. రెండు మూడు రోజుల్లో లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి. వేడి తగ్గినప్పుడల్లా తిరగేయండి. మూడు నాలుగు నెలలకు నల్లగా, మట్టి వాసనతో వస్తుంది. పచ్చిగా తినే ఆకుకూరల మడికి పచ్చి రెట్ట తగిలితే, కోతకు ముందు కనీసం 4 నెలల గడువు ఉండాలి.