నైట్ షిఫ్టులన్నీ పెళ్లికాని వాళ్లకేనా?

రోస్టర్ బాబు: అమెరికా క్లయింట్ల సపోర్ట్ టీముల్లో రాత్రి షిఫ్టులు, పండగ ఆన్‌కాల్ (పిలిస్తే వెంటనే పనికి దిగాల్సిన డ్యూటీ) ముందు బ్యాచిలర్ల నెత్తినే పడుతున్నాయి. "నీకేం, పెళ్లామా పిల్లలా" అంటారు. ఇది న్యాయమేనా?

లెక్కలమ్మ: ఊరికే అనడం లేదండీ. జాతీయ టైమ్ యూజ్ సర్వే 2019లో, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97. 2024లో 289, 88. ఆడవాళ్లకు పది తగ్గితే మగవాళ్లకూ తొమ్మిది తగ్గింది, అదీ సంబడం! పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం దీనికి అదనం.

గచ్చిబౌలి గుడ్లగూబ: మేడమ్, మీరు చెప్పింది ఆడామగా తేడా. రోస్టర్లో, అంటే షిఫ్టుల పట్టికలో, చూసేది పెళ్లయిందా లేదా అని. మంచాన పడ్డ తల్లిని ఒక్కతే చూసుకునే అమ్మాయికి రాత్రి డ్యూటీ, ఇంటిపని ముట్టని భర్తగారికి పగటి డ్యూటీ పడుతోంది.

లెక్కలమ్మ: అది ఒప్పుకుంటాను. సెలవుల తీరూ అంతే. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి 26 వారాలు (అప్పటికే ఇద్దరు, ఆపైన పిల్లలుంటే 12) వచ్చాయి. తండ్రికి కేంద్ర ప్రభుత్వ కొలువైతే 15 రోజులు, ప్రైవేటులో కంపెనీ దయ. పిల్లల బరువు తల్లిదేనని కాగితమే చెప్తుంటే మేనేజర్ వేరేగా ఎందుకు ఆలోచిస్తాడు?

పాత షిఫ్ట్ లీడ్: పెళ్లి సంగతి అడగడం మానేసి మూడు అడగండి: ఏ గంటల్లో ఇంట్లో ఉండి తీరాలి, ఆ వేళకి ఇంకో మనిషి ఉన్నారా, రానూపోనూ ఎంతసేపు. కారణం మాత్రం అడగొద్దు. అడిగితే సగంమంది అసలేమీ చెప్పరు.

రోస్టర్ ఒకసారి వేసి వదిలేసినా కుదరదు. న్యూయార్క్ ఉదయం 9 మీటింగు వేసవిలో మనకు సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అది దాటితే 7:30. డేకేర్ నుంచి తెచ్చిన పిల్లకు అన్నం కలిపే వేళకి హెడ్‌సెట్ తగిలించుకోవాలి. అందుకే మార్చిలో, నవంబర్‌లో రోస్టర్ తిరగరాయాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరసలోనే తిప్పండి. వెనక్కి తిప్పితే నిద్ర కుదురుకోదు. రాత్రికి ఒక పాయింటు, పండగ రాత్రికి రెండు వేసి, మూడు నెలలకోసారి అందరివీ సరిచూడండి.

గచ్చిబౌలి గుడ్లగూబ: భోగి రాత్రికి రెండు చాలవు బాసూ, మూడు. రంజాన్‌కీ, క్రిస్మస్‌కీ అదే రేటు.